కర్త ఎవరమ్మా?

నవలల్లో నక్షత్రాలను నేను చాలా ధారాళంగా వాడుకున్నాను. నాయిక కన్నీరు పెట్టుకుంటే చాలు, నీలి తారలు చల్లగా జాలిపడేవి. పాఠకులెవరూ అడ్డు చెప్పలేదు గనక నేనూ ఆగలేదు. బి.ఏ. చదివినదాన్ని, చుక్కల శాస్త్రంతో నాకేం పని?

మొన్న సంక్రాంతికి పుట్టింటికి వెళ్లాను. నీటికాసులతో నాన్నగారికి చూపు పోయి మూడేళ్లవుతోంది. హైస్కూల్లో సైన్సు చెప్పిన మనిషి. రాత్రి ఏడున్నరకి చెయ్యి పట్టుకుని మేడ మీదికి తీసుకువెళితే, మడతకుర్చీలో కూచుని, "తూర్పువైపు ఏమున్నాయో చెప్పవే" అన్నారు.

గొంతు సవరించుకున్నాను. "అరుణకాంతులీనుతూ, నల్లని గగనసీమలో, నీలినీలి వెలుగుల నడుమ జాజిపూలలా విరిసిన..."

"ఆగు. ఎర్రగా ఉన్నదేమిటి? ఆకాశమా, జాజిపూలా?"

ఇరవై ఏళ్లుగా రాస్తున్నాను. నా వాక్యాన్ని ఇలా చెవి పట్టుకుని నిలబెట్టినవాళ్లు లేరు. విశేషణం మీద విశేషణం పేర్చుకుంటూ పోతే, చివర్లో నామవాచకం వచ్చేదాకా వినేవాళ్లు ఊపిరి బిగబట్టాలి. చదివేవాళ్లయితే పైలైను మళ్లీ చూసుకుంటారు. నాన్నగారికి ఆ వీలేదీ?

మళ్లీ మొదలుపెట్టాను. "వరుసగా మూడు చుక్కలున్నాయి. వాటికి ఎడమపక్క ఆర్ద్ర ఎర్రగా ఉంది. కుడిపక్క రీగల్ తెల్లగా ఉంది. ఆ తెలుపులో పిసరంత నీలం."

"ఎరుపంటే? కుంకుమా?"

చూశాను. నిజం చెప్పొద్దూ, అప్పుడే మొదటిసారి చూశాను. కుంకుమ కాదు. "కుంపట్లో ఆరిపోబోయే బొగ్గులా ఉంది నాన్నా."

ఆయన ముఖం విప్పారింది. "అదీ! కమ్మరి కొలిమిలో ఇనుము ముందు ఎర్రబడుతుంది, ఇంకా కాలితే పసుపు, ఆపైన తెలుపు. ఆర్ద్ర పైభాగం వేడి సుమారు 3,500 కెల్విన్లు, సూర్యుడిది 5,800, రీగల్‌ది 12,000. నువ్వేమో నీలి తారలు చల్లన అని రాశావు. అమ్మ చదివి వినిపించిందిలే."

నేనేమీ మాట్లాడలేదు. కిందికి చూసి, "లుబ్ధకుడు ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు మారుస్తున్నాడు" అన్నాను.

"కర్త ఎవరమ్మా? రంగులు మారుస్తున్నది చుక్కా, మధ్యలో ఉన్న గాలా?"

గాలేనట. వేడి, చల్లని పొరలు కదులుతూ ఒక్కో రంగుని ఒక్కోలా వంచుతాయిట. వాక్యం దిద్దుకున్నాను. "లుబ్ధకుడు తెల్లగా ఉన్నాడు. గాలివల్ల రంగులు మారుతున్నట్టు కనిపిస్తున్నాడు."

"మరి నడినెత్తిన పిల్లలకోడి?"

ఏదో ఒక రంగు అనబోయి ఆగాను. "రంగు తెలియడం లేదు నాన్నా."

"మసక వెలుగులో కంటికి రంగు అందదులే. ఎన్ని చుక్కలున్నాయి?"

రెండుసార్లు లెక్కపెట్టాను. "ఆరు."

కాసేపు ఊరుకుని, "నాకు ఏడు కనిపించేవి" అన్నారు.