ముగ్గుగీతల మధ్య మా అత్తయ్యగారు

మా అత్తయ్యగారికి 74 ఏళ్లు. ఉయ్యూరు దగ్గర పల్లెలో ఉన్నన్నాళ్లూ కాలవగట్టున పొలానికి కేరేజీ పట్టుకెళ్లి చిటికెలో తిరిగొచ్చిన మనిషి. అలాంటావిడ పోయిన దసరాకి బీసెంట్ రోడ్డులో నాకు పదడుగులు వెనకబడ్డారు. ఏమండీ అంటే "గాజులు చూస్తున్నానే" అన్నారు. ఆ కొట్లో ఉన్నవన్నీ ప్లాస్టిక్ బకెట్లు!

ఆవిడ పట్టు ఒక్కటే. శుక్రవారం ఒంటరిగా బస్సెక్కి దుర్గమ్మ గుడికెళ్లాలి. "పడితే ఎవరు చూస్తారమ్మా?" అని మావారు. మధ్యన నలిగేది నేను.

మోకాళ్లు చూపించడానికి వెళితే డాక్టరుగారు ఆవిణ్ణి వరండాలో నడిపించి టైము చూశారు. నడక నెమ్మదించిందంటే కాళ్ల కండో, గుండో, ఊపిరితిత్తులో, కంటిచూపో ఏదో ఒకటి వెనకబడుతోందని అర్థమట. ఆసియా దేశాల వైద్యులు 2019లో పెట్టుకున్న లెక్క ప్రకారం, మామూలు నడకతో 6 మీటర్లకి 6 సెకన్లు దాటితే కండబలం సంగతి చూడాలి. ఆవిడకి 9 పట్టింది. 1991 నుంచీ ఉన్న పరీక్ష ఇంకోటి. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, వెనక్కొచ్చి కూర్చోవాలి. 12 సెకన్లూ ఆపైనా పడితే, పడిపోతారేమోనని జాగ్రత్త పడాలి. ఆవిడకి 16. గుండె, ఊపిరితిత్తుల జబ్బులకి 6 నిమిషాలు నడిపించే పరీక్ష వేరే ఉందిట గానీ, అది ఆస్పత్రిలో చేసేదే.

ఇంటికొచ్చి మేడమీద కుట్టుమిషను టేపుతో కొలిచి ముగ్గుపిండితో రెండు గీతలు గీశాను. మొదటి గీతకి రెండడుగులు వెనకనుంచి బయలుదేరాలి, రెండోది దాటాక ఇంకో రెండడుగులు వెయ్యాలి. లేకపోతే మొదలెట్టే నెమ్మదీ, ఆగే నెమ్మదీ లెక్కలోకొచ్చేస్తాయి. రెండుసార్లు నడిపించి సగటు తియ్యాలి. పరుగులొద్దు, కూరగాయలకెళ్లే నడకే. చేతికర్ర ఉంటే కర్రతోనే. తూలే మనిషైతే పక్కన ఒకరుండాలి. గీతమీద టక్కున ఆగిపోయే అలవాటు మాన్పించేసరికి నాకు వారం పట్టింది!

చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం రోజూ చేయించమన్నారు. రాత్రిళ్లు మజ్జిగన్నంతో సరిపెట్టొద్దన్నారు. గుడ్డు పెడతానంటే, "శుక్రవారంపూట ఆ మాటెత్తకు" అని కసిరారు. ఆవేళ మంగళవారం. సరే, పెసరట్టూ, ముద్దపప్పూ, గడ్డపెరుగూ పెంచాను.

ఓరోజు "నువ్వూ నడువు, చూద్దాం" అన్నారు. 51 ఏళ్ల నాకు, చెప్పొద్దూ, 7 సెకన్లు! ఆవిడ నవ్విన నవ్వుకి కింద వాటావాళ్లు పైకొచ్చారు. ఆ రోజునుంచీ కుర్చీలు రెండు వేస్తున్నాం.

నాలుగు నెలల్లో ఆవిడ 9 కాస్తా ఏడున్నర అయింది. 16 వచ్చి 13 దగ్గరుంది. అది 12కి లోపలికొచ్చేదాకా గుడికి నేను తోడెళ్లాలని, ఆ తర్వాత సంగతి తర్వాత చూద్దామని మావారితో ఒప్పందం.

నిన్న సాయంత్రం గీతలు చెరిగిపోతే ఆవిడే వేశారు. ఆవేళ సరిగ్గా 6 సెకన్లు! అనుమానమొచ్చి టేపు పెట్టి చూస్తే, గీతల మధ్య మీటరు తక్కువుంది.

"అత్తయ్యగారూ, ఇదేమిటీ?" అన్నాను.

"పిండి చాల్లేదే!" అన్నారు.