వాగ్యూ, తునకలు

మొన్న రిలీజ్ అయ్యాక టీమ్ అంతా హైటెక్ సిటీలో ఒక జపనీస్ రెస్టారెంట్‌కి వెళ్ళాం. మెనూలో ఒక్కో ప్లేటు ధర ఒకప్పటి నా నెల హాస్టల్ ఫీజంత ఉంది. మా లీడ్ టోక్యోలో తిన్న వాగ్యూ గురించి మొదలెట్టాడు. నోట్లో పెట్టుకోగానే వెన్నలా కరిగిపోయిందట. ఇక్కడ దొరుకుతుందా అని వెయిటర్‌ని అడిగితే లేదన్నాడు. మన దేశంలోకి బీఫ్ దిగుమతి నిషేధం కదా.

'వా' అంటే జపాన్, 'గ్యూ' అంటే పశువు. అంత గొప్ప పేరునీ తెలుగు చేస్తే 'జపాను గొడ్డు', అంతే. ఏ5 అంటారే, అందులో అక్షరం పశువు నుంచి ఎంత మాంసం దిగిందో చెబుతుంది, అంకె నాణ్యతని చెబుతుంది. కండ మధ్య కొవ్వు ఎలా అల్లుకుందో 12 దాకా కొలుస్తారు. 5 రావాలంటే ఆ కొలతలో కనీసం 8 ఉండాలి. ప్రతి పశువుకీ 10 అంకెల నంబరు. మా భాషలో ప్రైమరీ కీ!

అందరితోపాటు నేనూ తల ఊపుతున్నాను గానీ, కళ్ళ ముందు మా ఇంటి దండెం కనిపిస్తోంది. అమ్మ పెద్దకూరని సన్నగా, పొడుగ్గా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి ఎండలో ఆరేసేది. వానాకాలంలో ఆ తునకలు గోంగూరతో వండేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి ఆ కూర ఆఫీసుకి తెచ్చుకున్నాను. పక్కన కూర్చున్నతను "ఏం కూర?" అంటూ స్పూన్ చాపాడు. "మటన్, కారం ఎక్కువ, నువ్వు తినలేవు" అని డబ్బా మూసేశాను. ఆ పక్కనతనే ఇప్పటి మా లీడ్. నిజం చెబితే ఏమనేవాడో తెలీదు. అనే అవకాశం నేనే ఇవ్వలేదు.

2012లో ఉస్మానియాలో విద్యార్థులు పెద్దకూర పండగ చేసి గొడవలైనప్పుడు, హాస్టల్ టీవీలో ఆ వార్త చూసి లేచి వెళ్ళిపోయిన వాళ్ళలోనూ నేనున్నాను.

జపాన్‌లోనూ ఈ కూర ఎప్పుడూ గొప్పది కాదు. 675లోనే తెమ్ము చక్రవర్తి ఆవు, గుర్రం, కోడి లాంటి వాటిని తినకుండా ఏడాదిలో కొన్ని నెలలు నిషేధం పెట్టాడు. తర్వాతి శతాబ్దాల్లో పశువుల్ని కోసేవాళ్ళనీ తోలు పని చేసేవాళ్ళనీ అంటరానివాళ్ళుగా వెలివేశారు. 1871లో చట్టం ఆ హోదాని రద్దు చేసింది. 1872లో మెయిజీ చక్రవర్తి గొడ్డుమాంసం తిన్నాడని లోకానికి చాటారు. అక్కణ్ణుంచి కూర హోదా పెరుగుతూ పోయింది. వెలివేతకు గురైనవాళ్ళ వారసులు, బురాకుమిన్లు, పెళ్ళి సంబంధాల్లో, ఉద్యోగాల్లో ఆ తర్వాత కూడా చాలాకాలం వివక్ష పడ్డారు. ప్లేటు పైకెక్కినంత తేలిగ్గా మనుషులు ఎక్కలేదు.

"నువ్వెప్పుడైనా తిన్నావా?" లీడ్ నావైపు తిరిగాడు.

"వాగ్యూ తినలేదు. పెద్దకూర తింటూనే పెరిగాను. ఆ రోజు డబ్బాలో ఉంది మటన్ కాదు."

టేబుల్ కాసేపు నిశ్శబ్దమైపోయింది. ఎవరో మంచినీళ్ళు తాగారు. "మరి ఈసారి తీసుకురా" అన్నాడు లీడ్. మర్యాదకే అన్నాడో, మనసులోంచే అన్నాడో అతని మొహం చూస్తే అర్థం కాలేదు.

రాత్రి అమ్మకి ఫోన్ చేసి తునకలు రెండు డబ్బాలు పంపమన్నాను.

"గన్ని ఎందుకు బిడ్డా?" అంది.

"ఆఫీసుకమ్మా" అన్నాను.