పోటు వేళ రట్లండ్ అంచున

పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారినా, జంగ్లీఘాట్ చేపల రేవులో ఇంకా పాత పేరే నడుస్తోంది. ఆ రేవులో తెలుగువాడికి దుబాసీ అక్కర్లేదు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి తరాల కిందట వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. వేలంపాట హిందీలో సాగినా తిట్లు తెలుగులోనే వినబడతాయి. నేను మాట్లాడుకున్న పడవ సరంగుదీ అలాంటి కుటుంబమే. తాత సోంపేట దగ్గరి పల్లె నుంచి వచ్చాడట. వలల పని తమ్ముళ్ళకు వదిలి, గాలం సరదాతో వచ్చేవాళ్ళను సముద్రం మీద తిప్పడం ఇతను వృత్తిగా పెట్టుకున్నాడు.

బయల్దేరే ముందు రోజు సాయంత్రం నా పెట్టె తెరిపించాడు. పాపర్లు, స్టిక్‌బైట్లు, జిగ్‌లు వగైరా నకిలీ ఎరలన్నీ నేల మీద పరిచి చూశాడు.

"అంగడి పెడతావేటి బాబూ?" అన్నాడు. అరడజను మాత్రం ఏరి పక్కన పెట్టాడు. "ముందు నీరు సూడాల. తరవాత అడుగు సూడాల. ఆ తరవాతే సేప. రాడ్డు అన్నిటికన్నా ఆకర్న."

పడవ మీద గాలం వేసే విద్యకు ఇంతకు మించిన పాఠక్రమం నాకు దొరకలేదు. మనలో చాలామంది దీన్ని తలకిందులుగా మొదలుపెడతారు. ముందు రాడ్డు కొంటారు, తర్వాత ఏ చేప పడుతుందని అడుగుతారు, రేవుకు వెళ్ళాక గాని నీటి సంగతి తలచుకోరు.

నీటి సంగతి ఇంటి దగ్గరే తేల్చుకోవచ్చు. అండమాన్‌లో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. అమావాస్య, పౌర్ణమి రోజుల చుట్టూ నీటిమట్టం దాదాపు 2 మీటర్లు ఎక్కి దిగుతుంది. అష్టమి ప్రాంతంలో ఆ తేడా బాగా తగ్గిపోతుంది. తేడా ఎక్కువైతే ప్రవాహం జోరుగా ఉంటుంది, ప్రవాహం జోరందుకుంటే చిన్న చేపలు రాళ్ళ అంచులకు కొట్టుకొస్తాయి, వాటి వెంట పెద్దవి వస్తాయి. అందుకే పాపర్ వేటకు పౌర్ణమి దాటిన రోజులు చూసుకుని టికెట్టు తీసుకున్నాను. నెల సంగతి కూడా ముఖ్యమే. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు చిన్న పడవలను బయటికి పోనివ్వవు. నవంబరు తర్వాత ఈశాన్య గాలి ఉంటుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు సముద్రం చదునుగా ఉండే రోజులు ఎక్కువ. మేం వెళ్ళింది మార్చిలో.

ఊరికి దక్షిణంగా పాతిక కిలోమీటర్ల దూరంలోని చిడియాటాపు నుంచి బయల్దేరాలి. అండమాన్‌లో సూర్యుడు మన గడియారం కంటే ముందు నడుస్తాడు. మార్చిలో అయిదున్నరకే తెల్లవారిపోతుంది, సాయంత్రం అయిదున్నర దాటితే వెలుతురు తగ్గుతుంది. కాబట్టి చీకటి ఉండగానే రేవులో ఉన్నాం. పడవ ఫైబర్‌ది, వెనక రెండు అవుట్‌బోర్డ్ ఇంజన్లు. ఒకటి ఆగిపోయినా రెండోది ఒడ్డుకు చేరుస్తుంది. పడవ మాట్లాడుకునేటప్పుడు ఇంజన్లు ఎన్నని అడగడం, లైఫ్ జాకెట్లూ వీహెచ్‌ఎఫ్ రేడియో కళ్ళతో చూడడం, పర్యాటకులను ఎక్కించుకుని చేపలు పట్టించే అనుమతి కాగితాలు చూపించమనడం మొహమాటపడాల్సిన విషయాలు కావు.

మెక్‌ఫర్సన్ జలసంధి దాటుతుంటే ఎడమ పక్క విశాల సముద్రం, ఎదురుగా రట్లండ్ దీవి అడవి. సరంగు దగ్గర జీపీఎస్ ఉంది, అడుగు చూపే ఎకో సౌండర్ ఉంది. అయినా అతని చూపు ఒడ్డు మీదే. కొండ భుజం మీది ఒంటి చెట్టు, దాని కింద తెల్లబండ ఒక వరసలోకి వస్తే అది ఒక గీత. ఇంకో దిక్కున రెండు గుర్తులు కలిస్తే రెండో గీత. రెండు గీతలు కోసుకున్న చోట నీటి కింద దిబ్బ ఉంటుంది. తండ్రి నేర్పిన గుర్తులు ఇవి. గుర్తులు చెదరలేదు గాని లోతులు మారాయి. 2004 డిసెంబరు 26 భూకంపంతో దక్షిణ అండమాన్ దాదాపు ఒక మీటరు కుంగింది, ఉత్తర అండమాన్‌లో పశ్చిమ తీరం పైకి లేచి పగడపు దిబ్బలు బయటపడ్డాయి. చిన్నప్పుడు ఆటు వేళ తేలి కనబడిన రాయి ఇప్పుడు నీళ్ళలోనే ఉంటుందని ఒకచోట వేలు పెట్టి చూపించాడు. పాత పటాన్ని నమ్ముకుని రాళ్ళ మధ్యకు పడవ తోలకూడదనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు.

పటంలో ఇంకో రకం గీతలూ తెలిసుండాలి. వండూరు వైపు మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్క్, రిచీ ద్వీపసమూహంలో రాణీ ఝాన్సీ మెరైన్ నేషనల్ పార్క్, రట్లండ్‌కు దక్షిణాన అభయారణ్యమైన సింక్ దీవులు గాలం వేసే చోట్లు కావు. ఉత్తర సెంటినెల్ దీవి చుట్టూ 5 నాటికల్ మైళ్ళ లోపలికి పోవడమే నేరం. ఇవన్నీ వదిలేసినా నీటికి కొదవ లేదు. రట్లండ్ బయటి అంచు, దానికీ లిటిల్ అండమాన్‌కీ మధ్య డంకన్ పాసేజ్, ఇంకా దూరం పోగలిగేవాళ్ళకు ఆగ్నేయాన నడిసముద్రంలో ఇన్‌విజిబుల్ బ్యాంక్ అనే మునిగిన దిబ్బ ఉన్నాయి. ఒక్కరోజు వేటకు రట్లండ్ చుట్టుపక్కల చాలు.

మొదటి చోట పడవ ఆపాక సరంగు ఇంజన్ తగ్గించి నీటిని చూడమన్నాడు. దీవి మూల నుంచి రాళ్ళు నీటిలోకి దిగుతున్నాయి. ప్రవాహం ఒక పక్క నుంచి వచ్చి రాళ్ళను కొట్టి, అలలు విరిగి నురగ పరుచుకుంటోంది. అవతలి పక్క నీరు నిద్రపోతోంది. "నీరు కొట్టే పక్కే కూడు దొరుకుద్ది. ఆ పక్కే పార కాస్తాది," అన్నాడు. అతను పార అన్నది జెయింట్ ట్రెవల్లీని. గాలం లోకంలో జీటీ అంటే ఇదే. 2006లో జపాన్‌లో పట్టిన 72.8 కిలోల చేపది ఈ జాతిలో ప్రపంచ రికార్డు. అంత పెద్దది అక్కర్లేదు. పాతిక కిలోల చేప చాలు, తీసుకెళ్ళిన సామానులో ఏది బలహీనమో తేల్చి చెప్పడానికి.

జీటీకి సామాను ఇలా ఉండాలి. రాడ్డు ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర అడుగులు, 150 గ్రాముల పాపర్‌ను విసరగలిగేది. రీలు స్పిన్నింగ్ రకం, షిమానోలోనో డైవాలోనో 14000 నుంచి 20000 సైజు. దారం బ్రెయిడ్ రకం, మందం పీఈ 8 లేదా 10, 300 మీటర్లు. దాని ముందు 150 నుంచి 200 పౌండ్ల టంగీసు లీడర్ మూడు నాలుగు మీటర్లు. రెండింటినీ కలిపే ముడి ఎఫ్‌జీ. ఈ ముడి విసిరేటప్పుడు రాడ్డు రింగుల్లో చిక్కుకోదు, జారదు. అయితే ఊగే పడవలో కొత్తగా నేర్చుకునే ముడి కాదిది. ఇంట్లో కుర్చీ కాలికి కట్టి, చేతులకు తొడుగులు వేసుకుని గట్టిగా లాగి చూసి, చేయి తిరిగాకే బయల్దేరాలి. రీలుకుండే బ్రేకును, అంటే డ్రాగ్‌ను, వేళ్ళతో ఊహించకుండా స్ప్రింగు త్రాసుతో లాగి 10 నుంచి 12 కిలోల దగ్గర బిగించాలి. పాపర్‌కు వచ్చే మూడు ముళ్ళ గాలాలు తీసేసి ఒంటి గాలాలు వేసి, వాటి ములుకులను పటకారుతో నొక్కేయాలి. అది చేపకూ మంచిది, పడవలో మనిషికీ మంచిది.

నీరు ఎగుడుదిగుడుగా ఉంటే పాపర్, చదునుగా తేటగా ఉంటే స్టిక్‌బైట్. నురగ అంచు దాటించి విసిరి, రాడ్డును పక్కకు ఒక్క లాగు లాగి, ఆగి, వదులైన దారం చుట్టి, మళ్ళీ లాగాలి. ఆ ఆగడంలోనే చేప వస్తుంది. నాకూ అలాగే వచ్చింది. బావిలో పనసకాయ పడ్డంత చప్పుడు, ఆ వెంటనే రాడ్డు వంగి రీలు ఏడుపు. మొదటి పది క్షణాల్లో అది పగడాల్లోకి దూరాలని చూస్తుంది. అప్పటికే సరంగు పడవను లోతు వైపు తిప్పేశాడు. జీటీని సగం పట్టేది సరంగే. రాడ్డును నిట్టనిలువుగా ఎత్తితే కొస విరుగుతుంది. నడుము పట్టీలో పిడి ఆనించి, కొసను వాలుగా ఉంచి, కాళ్ళతో బరువు ఆపుకోవాలి.

పడవ దగ్గరికి వచ్చాక చేపను పడవవాళ్ళు తోక మొదట్లో పట్టుకున్నారు, అదీ తొడుగులతోనే. అక్కడి పొలుసులు రంపపు పళ్ళలా కోస్తాయి. ఒక ఫొటో తీసి, తల ముందుకు పెట్టి నీళ్ళలోకి జార్చారు. ఇక్కడి సరంగులు పెద్ద జీటీని వదిలేస్తారు. బతికిన చేప మళ్ళీ ఇంకొక పర్యాటకుణ్ణి తీసుకొస్తుందని వాళ్ళ లెక్క.

పదకొండు దాటేసరికి పోటు నిండి నీరు ఆగింది. పాపర్‌కు అది ఖాళీ సమయం, జిగ్‌కు మంచి సమయం. ప్రవాహం లేనప్పుడు దారం నిట్టనిలువుగా దిగుతుంది. 60 నుంచి 100 మీటర్ల లోతున్న వాలు మీదికి వెళ్ళాం. దీనికి సామాను వేరు. ఆరు అడుగుల రాడ్డు, పీఈ 3 నుంచి 5 బ్రెయిడ్, 50 నుంచి 80 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్, 150 నుంచి 250 గ్రాముల జిగ్‌లు, పైకొసకు అసిస్ట్ గాలాలు. పది మీటర్లకోసారి రంగు మారే బ్రెయిడ్ కొనడం మంచిది. రంగులు లెక్కపెట్టుకుంటే జిగ్ ఎంత లోతులో ఉందో తెలుస్తుంది. అడుగు తగలగానే తీసి ఇరవై చుట్లు లాగి మళ్ళీ వదలాలి. అడుగునే నానబెడితే రాళ్ళ పాలు. దారం బాగా ఏటవాలుగా పోతుంటే జిగ్ బరువు పెంచాలి.

గ్రూపర్లు, జాబ్‌ఫిష్, అదృష్టం ఉంటే డాగ్‌టూత్ టూనా ఈ వాలు మీదే దొరుకుతాయి. ఆ రోజు పైకి వచ్చిన ఒక గ్రూపర్‌కు తల మాత్రమే మిగిలింది. "సొర పన్ను కట్టించుకుంది," అని నవ్వి, సరంగు ఇంజన్ వేశాడు. సొరలు చేరిన చోట మొండిగా ఆడితే చేపలు పోతాయి, జిగ్‌లూ పోతాయి. చట్టం కూడా గుర్తుండాలి. జెయింట్ గ్రూపర్, వేల్ షార్క్ వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నవి. పొరపాటున పడితే నీళ్ళలో ఉంచే గాలం తీసి వదలాలి.

తిరుగుదారిలో ఆటు మొదలైంది. పడవ 6, 7 నాట్ల వేగంతో నడుస్తుండగా వెనక రెండు రాపాలా ఎరలు లాగించాం. కోనెం, వాహూ, బారకుడా ఈ పద్ధతికి చిక్కుతాయి. వీటి పళ్ళకు టంగీసు ఒక లెక్క కాదు కాబట్టి ఎర ముందు అరమీటరు ఉక్కు తీగ ఉండాలి. నీటి రంగు ఆకుపచ్చ నుంచి ముదురు నీలంలోకి మారే గీత వెంట, పక్షులు కమ్ముకున్న చోట అంచున తోలాలి. గుంపు మధ్యకు పోతే చేపలు అడుగుకు దిగిపోతాయి. మాకు ఒక కోనెం పడింది. అది పడవలోనే ముక్కలై రాత్రి పులుసులోకి వెళ్ళింది.

దారిలో ఒక డుంగీ కనబడింది. ముసలాయన ఒక్కడే చేతి తాడు, సీసం గుండు, చిన్న చేప ముక్క ఎరతో ఎర్ర స్నాపర్లు లాగుతున్నాడు. మొదటిసారి సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళకు నేనిచ్చే సలహా ఆ పద్ధతే. చేతి తాడు, సర్కిల్ గాలం చాలు. సర్కిల్ గాలానికి చేప తగిలినప్పుడు ఒక్కసారిగా గుంజకూడదు. నిదానంగా బిగిస్తే మూతి మూలలో అదే కూర్చుంటుంది. అడుగు ఎలా ఉందో, చేప ఎలా కొరుకుతుందో వేళ్ళకు తెలుస్తుంది.

మిగతావి చిన్న విషయాలు, మరిస్తే పెద్దవవుతాయి. కడుపులో తిప్పే గుణం ఉన్నవాళ్ళు మాత్ర పడవ ఎక్కడానికి గంట ముందే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక అది పనిచేయదు. పోలరైజ్డ్ కళ్ళద్దాలు ఎండకే కాదు, నీటి కింద రాయి చూడడానికీ, ఎగిరొచ్చే గాలం కంట్లో పడకుండా ఉండడానికీ కావాలి. గాలాలు, పటకార్లు విమానంలో చేతిసంచీలో పెట్టకూడదు. మడ అడవుల వాగుల్లో పండుగప్ప ఉంటుందని చెప్పినా నీళ్ళ అంచున నిలబడి గాలం వేయవద్దు, అక్కడ మొసళ్ళు ఉన్నాయి. రట్లండ్ దాటితే ఫోను సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు. కోస్ట్ గార్డ్ నంబరు 1554 బయల్దేరే ముందే ఇంట్లోవాళ్ళకు ఇచ్చి, తిరిగొచ్చే వేళ చెప్పి వెళ్ళాలి.

విశాఖ రేవు నుంచి బయల్దేరేవాళ్ళకూ ఈ వరసే పనికొస్తుంది. అక్కడ కోనెం, టూనాల కోసం జిగ్ సెట్టు, లాగుడు ఎరలు చాలు, పీఈ 10 అవసరం పడేది అరుదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి ఆ నెలలు ముడులు వేయడం నేర్చుకోవడానికి వాడుకోవచ్చు.

ఖర్చు విషయంలో నా లెక్క ఇది. రీలు ఒక మెట్టు తక్కువదైనా ఫరవాలేదు. దారం, లీడర్, గాలాలు, రింగుల దగ్గర పైసా తగ్గించకూడదు, ఎందుకంటే చేప పరీక్షించేది వాటినే. పాపర్లు నాలుగు చాలు. రెండో రాడ్డు కోసం దాచిన డబ్బు ఉంటే, దానితో పౌర్ణమి దగ్గర ఇంకొక రోజుకు పడవ మాట్లాడుకోండి.