కారు అద్దములకు దీపములు

సోదరీమణులారా! దీపము పెట్టుట మనకు క్రొత్త పని కాదు. సంధ్యవేళ గుమ్మమున నొకటి, తులసికోటకడ నొకటి పెట్టుచునే యున్నాము. నేడు కారు ప్రక్క అద్దములకును దీపములు పెట్టించుకొనువారు పెక్కండ్రు కలరు. అవి యెవరికొఱకో యొకింత విచారింపవలసి యున్నది.

కారునకు అద్దముయొక్క యక్కఱను ముందుగా గుర్తించినవారిలో నొక స్త్రీ కలదు. ఇంగ్లండు దేశపు డొరోతీ లెవిట్ 1909వ సంవత్సరమున స్త్రీలకై మోటారు గ్రంథమొకటి ప్రకటించి, వెనుక వచ్చు బండ్లను చూచుటకు చేతియద్దము దగ్గర నుంచుకొనుడని బోధించెను. ముఖము చూచుకొను నద్దమే మార్గము చూపు నద్దమైనది.

మా మరిది యిటీవల మా కారు అద్దములకు నీలపు ఎల్.ఇ.డి. దీపములు పెట్టింపదలచి, “వదినా! రాత్రివేళ ఎంత యందముగా నుండునో చూతువుగాని” అనెను. అందమును మేము కాదనలేదు. నీలపు ఎల్.ఇ.డి. వెలుగు సాధించుట యెంత కష్టమనగా, అందులకు ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమానము లభించినది. అయినను, “నాయనా! మన యెడమప్రక్కన స్కూటరుమీద బిడ్డ నెక్కించుకొని పోవు తల్లికి ఆ నీలపు వెలుగు ఏమి చెప్పును?” అని యడిగితిమి.

మేమును ఏండ్లకొలది స్కూటరుమీద బిడ్డను బడికి దింపినవారమే. ప్రక్కనున్న కారు చెప్పక చేయక మా వైపునకు మరలినపుడు, వెనుక కూర్చున్న బిడ్డ మా నడుమును గట్టిగా పట్టుకొనిన పట్టు నేటికిని మఱపునకు రాదు.

మలుపు తెలుపుటకు మన దేశపు 1989 నాటి మోటారు వాహన నియమములు నారింజ వన్నెను నిర్ణయించినవి. అది నిమిషమునకు 60కి తక్కువ గాకుండ, 120కి మించకుండ మినుకవలెను. ముందు వైపునకు ఎఱ్ఱదీపము చూపరాదు. పాత బల్బులోని తీగ కాగి వెలుగుటకు క్షణకాలము పట్టును, ఎల్.ఇ.డి.లో కాగవలసిన తీగ లేదు గనుక వెంటనే వెలుగును. ప్రక్కనున్నవారికి ఆ క్షణమే ప్రాణాధారము.

పని చేయించునపుడు కొన్ని సంగతు లెఱిగి యుండవలెను. కారు బ్యాటరీ 12 వోల్టులది; ఒక్కొక్క ఎల్.ఇ.డి.కి రెండు మూడు వోల్టులు చాలును. కావున నడుమ రెసిస్టరు లేనిచో దీపము మాడిపోవును. వైరు తలుపు కీలుకడ నలుగకుండ రబ్బరు గొట్టమున పోవలెను, ఫ్యూజు తప్పనిసరి. బల్బును తీసి ఎల్.ఇ.డి. పెట్టినచో కొన్ని కార్లలో దీపము త్వరత్వరగా మినుకును, దానిని సరిచేయించుకొనవలెను.

మరిది మొదట ముఖము ముడుచుకొనెను గాని, తుదకు తానే మెకానిక్కుకడ నిలిచి రెండు నారింజ దీపములను మలుపుదీపపు వైరునకు కలిపించెను. మా పిల్లలు వానికి “బాబాయి దీపములు” అని పేరిడిరి.

సోదరీమణులారా! కారున కేదైన క్రొత్తది చేర్పదలచిన నాడు, ధర యడుగుటకు ముందు ఇది ప్రక్కవారికి మేలు చేయునా, కన్ను చెదరజేయునా యని యడుగుడు. ఆ ప్రశ్న నడుగు నధికారము స్టీరింగు పట్టినవారికే కాదు, ఇంటనున్న మనకును గలదు.