పాతదని పారేస్తామా?

ఏమండీ, మీ ఇంట్లో అటక మీద ఓ ఇత్తడి గిన్నె ఉండే ఉంటుంది. కళాయి పోయింది కదా అని దాన్ని పారేస్తామా? పారేయం. అలాగని కళాయి లేని గిన్నెలో చింతపండు పులుసు కాస్తామా? అదీ చెయ్యం. చిలుమెక్కి తిన్నవాళ్ళకి కడుపులో తిప్పుతుందని మన అమ్మలూ, అత్తలూ చెబుతుంటే వింటూనే పెరిగాం. కళాయి వేసే అతను వీధిలోకి వచ్చేదాకా ఆగి, వేయించుకుని మళ్ళీ పొయ్యి మీద పెడతాం. మా ఇంట్లో లాప్‌టాప్‌కి సరిగ్గా అదే పరిస్థితి వచ్చింది. దానికి నేను కళాయి వేయించుకున్న వైనం, మధ్యలో చేసిన ఓ పెద్ద పొరపాటు మీతో చెప్పుకుందామని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మాది సికింద్రాబాదు దగ్గర ఓ కాలనీ. మావాడు ఇంజనీరింగులో చేరినప్పుడు, 2015లో, ఆ లాప్‌టాప్ కొన్నాం. వాడి చదువయింది, పూణెలో ఉద్యోగం వచ్చింది, ఆఫీసువాళ్ళు కొత్తది ఇచ్చారు. పాతది నాకు దఖలు పడింది. నేను ఏటా ఓ నలభై ఇళ్ళకి పచ్చళ్ళు పెట్టి ఇస్తుంటాను లెండి. ఎవరికి ఎన్ని కిలోలు, ఎవరిచ్చారు, ఎవరు బాకీ అన్న లెక్కలన్నీ అందులోనే. కరెంటు బిల్లూ, బ్యాంకు పనులూ అందులోనే.

వీటన్నిటికంటే ముఖ్యమైంది ఇంకోటుంది. మా అత్తయ్యగారి గొంతు. 2021లో ఆవిడ పోయారు. అంతకు రెండేళ్ళ ముందు పచ్చళ్ళ కొలతలు ఆవిడ చెబుతుంటే ఫోనులో రికార్డు చేసి లాప్‌టాప్‌లోకి ఎక్కించుకున్నాను. మొత్తం పదకొండు రికార్డులు. దాచుకోవడమెందుకు, ఆవిడకీ నాకూ పెద్దగా పొసగలేదు. కానీ ఆవకాయ జాడీ దగ్గర కూర్చుంటే మాత్రం ఇద్దరం ఒకటే మాట మీద ఉండేవాళ్ళం. ఆ పదకొండింట్లో ఉన్నది ఆ అత్తయ్యగారే.

2025 దీపావళి ముందు ఇల్లు దులుపుతున్న రోజుల్లో లాప్‌టాప్ తెర మీద ఓ ప్రకటన వచ్చి కూర్చుంది. అక్టోబరు 14తో విండోస్ 10కి మద్దతు ఆగిపోతుందట. గుండె గుభేలుమంది. మర్నాటి నుంచి మిషను తెరుచుకోదేమో అనుకున్నాను. మావారు పేపరు లోంచి తల ఎత్తకుండానే "తీసి అవతల పడెయ్, కొత్తది కొనుక్కుందువుగాని" అన్నారు. కొత్తది నలభై అయిదు వేలని తెలిశాక మాత్రం పేపరు మడిచి, "ఇంకొన్నాళ్ళు చూద్దాంలే" అన్నారు. వీధి చివర రిపేరు షాపతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది తుక్కేనమ్మా, ఎనిమిది వందలిస్తా, వదిలేసి వెళ్ళండి" అన్నాడు. తిరిగి సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చేశాను.

అసలు సంగతేమిటో మావాడు ఫోనులో విడమరిచి చెప్పాడు. మద్దతు ఆగిపోవడమంటే మిషను ఆగిపోవడం కాదు. అది ఎప్పట్లాగే తెరుచుకుంటుంది, పనిచేస్తుంది. కాకపోతే ఇంటి గోడకి కన్నాలు పడుతుంటే నెలనెలా వచ్చి పూడ్చే మేస్త్రీ ఇక రాడన్నమాట. దొంగలు మాత్రం కొత్త కన్నాలు వెతుకుతూనే ఉంటారు. నెట్ లేకుండా వాడితే పెద్ద బెంగ లేదు. బ్యాంకు పనులు చేసే మిషను మీదయితే అది కళాయి లేని గిన్నెలో పులుసు కాయడమే.

మరి విండోస్ 11 ఎక్కించుకోకూడదా అంటే, దానికి కొన్ని షరతులున్నాయి. టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం ఉండాలి. ఇంటెల్ ప్రాసెసరయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచీ మొదలు. మాది అయిదో తరం. అడ్డదారిన ఎక్కించేవాళ్ళున్నారు గానీ, దానికి అప్‌డేట్లు సరిగ్గా వస్తాయన్న హామీ లేదు. ఆ ఆశ అక్కడితో వదిలేశాను.

అప్పటికి దొరికిన ఊరట ఒకటుంది. ఇళ్ళల్లో వాడుకునే వాళ్ళకి 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. మన సెట్టింగులు వాళ్ళ ఖాతాలో దాచుకోవడానికి ఒప్పుకుంటే ఉచితం, లేకపోతే ముప్ఫై డాలర్లు. సెట్టింగుల్లో అప్‌డేట్ పేజీలోకి వెళితే చేరడానికి దారి కనిపించింది. మావాడు ఫోనులో చెబుతుంటే నేను నొక్కాను, పని జరిగింది. కానీ అది అరువు గడువే. ఆ గడువులోగా అసలు ఏర్పాటు చూసుకోవాలి కదా.

ఆ అసలు ఏర్పాటు సంక్రాంతి సెలవుల్లో మా అక్క కూతురి రూపంలో వచ్చింది. ఇంజనీరింగు మూడో సంవత్సరం. అరిసెలు తింటూ, "పిన్నీ, దీన్లో విండోస్ తీసేసి లినక్స్ వేద్దాం. డబ్బు కట్టక్కర్లేదు, పాత మిషన్లకి బాగుంటుంది" అంది. లినక్స్ అంటే ఏదో కొత్త వింత అనుకునేరు. 1991లో ఫిన్లాండులో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టింది. తర్వాత ఎంతోమంది చేతులు వేసి పెంచారు. మన ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల ఉన్నదీ అదే. అంటే మనం రోజూ వాడుతూనే ఉన్నామన్నమాట! అందులో మింట్ అనే రకం, అందునా ఎక్స్‌ఎఫ్‌సీఈ అనేది తేలిక. రెండు జీబీ ర్యామ్ ఉన్నా నడుస్తుంది, నాలుగుంటే హాయిగా నడుస్తుంది. మాది నాలుగే.

నాకు నచ్చిందేమిటంటే, ఎక్కించకముందే రుచి చూడొచ్చు. పెన్‌డ్రైవ్‌లో దాన్ని తయారుచేసి, అందులోంచే మిషను తెరిస్తే, లోపలి డిస్కు జోలికి పోకుండా లినక్స్ పనిచేస్తుంది. కాస్త నెమ్మదిగా ఉంటుందంతే. అలా రెండు రోజులు వాడి చూశాను. వైఫై వచ్చిందా, శబ్దం వినబడుతోందా, కెమెరా, ప్రింటరు పనిచేస్తున్నాయా అన్నీ చూసుకున్నాం. పచ్చళ్ళ లెక్కల ఫైలు లిబ్రే ఆఫీసులో తెరుచుకుంది. కీబోర్డు సెట్టింగుల్లో తెలుగు చేర్చుకుంటే తెలుగూ వచ్చింది. సరే, కానిమ్మన్నాను.

"పిన్నీ, అన్నీ కాపీ తీశావా? డిస్కంతా తుడిచిపెట్టుకుపోతుంది" అని మూడుసార్లు అడిగింది పిల్ల. "ఆ, తీశానే తల్లీ" అన్నాను దర్జాగా. ఫోటోల ఫోల్డరు తీశాను, డాక్యుమెంట్ల ఫోల్డరు తీశాను, పెన్‌డ్రైవ్ బీరువాలో పెట్టాను. పిల్ల మీట నొక్కింది. ఇరవై నిమిషాల్లో కొత్త తెర వచ్చింది. ఇద్దరం చప్పట్లు కొట్టుకున్నాం.

మర్నాడు పొద్దున కాఫీ కలుపుతుంటే తట్టింది. అత్తయ్యగారి రికార్డులు ఆ రెండు ఫోల్డర్లలోనూ లేవు. అవి తెర మీద, ఎదురుగా, 'అత్తయ్య' అని పేరు పెట్టుకున్న ఫోల్డరులో ఉన్నాయి. రోజూ కళ్ళెదురుగా కనబడుతుండేసరికి, అవెక్కడికీ పోవన్న ధీమా. ఇల్లు మారేటప్పుడు బీరువాలన్నీ సర్ది, గోడ మీద పటం మరిచిపోయినట్టయింది. స్టవ్ మీద పాలు పొంగి పోతున్నా కట్టాలన్న స్పృహ లేదు నాకు. మావారు వచ్చి కట్టేశారు. సంగతి తెలిశాక ఒక్క మాటా అనలేదాయన. అంటే బాగుండుననిపించింది. ఆవిడ ఆయనకి అమ్మ కదండీ.

పిల్ల మాత్రం వెంటనే "పిన్నీ, దాన్నిక ముట్టుకోకు, ఆపేసి మూసెయ్" అంది. ఆ ఒక్క మాటే కాపాడింది. డిస్కు తుడిచినప్పుడు నిజంగా చెరిగిపోయేది జాబితా మాత్రమేనట. సరుకు చాలావరకు లోపలే ఉంటుంది, దాని మీద కొత్త సరుకు పడేదాకా. అందుకే వాడేకొద్దీ పోతుంది. డిస్కు విప్పించి, కేబులుతో తన లాప్‌టాప్‌కి తగిలించి, ఫోటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టింది. రాత్రంతా అది వెతుకుతూనే ఉంది. తెల్లారేసరికి వేలకొద్దీ ఫైళ్ళు. పేర్లన్నీ పోయి ఉత్త అంకెలు. మావాడి సినిమా పాటల మధ్యలోంచి ఒక్కొక్కటే విని ఏరుకోవాలి. బియ్యంలో రాళ్ళేరినట్టు మావారూ, నేనూ రెండు రోజులు కూర్చున్నాం. మూడోది వింటుండగా "కారం మరీ గుమ్మరించకమ్మా, చెబితే వినవు" అని వినబడింది. బతికుండగా ఆ మాటకి ఎన్నిసార్లు మూతి ముడిచానో! ఆ రోజు మాత్రం మావారి వైపు చూడలేక గదిలోంచి లేచిపోయాను.

పదకొండింట్లో ఏడు దొరికాయి. నాలుగు పోయాయి.

ఇంతకీ నేను చెయ్యాల్సిన పని ఇంకోటుంది. అది తర్వాత తెలిసింది. పాత డిస్కు తుడవకుండా విప్పి పక్కన పెట్టేసి, దాని స్థానంలో కొత్త ఎస్‌ఎస్‌డీ బిగించి, అందులో లినక్స్ ఎక్కించి ఉంటే అసలేదీ పోయేది కాదు. పాతది బీరువాలో భద్రంగా ఉండేది. పోయాక వచ్చిన తెలివి! పాత డిస్కులో గుండ్రని పళ్ళేలు తిరుగుతుంటాయి, అందుకే అంత నెమ్మది. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేదీ ఉండదు. ప్యారడైజు దగ్గర, కంప్యూటర్ సామానుకి పేరున్న సీటీసీకి వెళ్ళి, ఎస్‌ఎస్‌డీ, మరో నాలుగు జీబీ ర్యామ్ వేయించాను. అయిదు వేల లోపే అయింది. ఆ కుర్రాడే ఫ్యాను దుమ్ము దులిపి ఇచ్చాడు. ఇదివరకు మీట నొక్కి పప్పు పొయ్యి మీద పెట్టి వచ్చేదాన్ని. ఇప్పుడు కుర్చీ లాక్కునేలోగా తెరుచుకుంటోంది. నేను ఎక్కించుకున్న మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి.

అందరికీ ఇదే మంచిదని మాత్రం అనను. ట్యాలీలో లెక్కలు రాసేవాళ్ళకీ, అను ఫాంట్లలో డీటీపీ చేసేవాళ్ళకీ విండోసే కావాలి. ఆఫీసు ఫైళ్ళు లిబ్రే ఆఫీసులో తెరుచుకున్నా అమరిక అక్కడక్కడ చెదురుతుంది. మీరు వాడేవేమిటో ముందు ఓ కాగితం మీద రాసుకుని, పెన్‌డ్రైవ్ లోంచి రుచి చూసి, అప్పుడు నిర్ణయించుకోండి. మిషను వయసు మళ్ళింది కాబట్టి దిండు మీద, పరుపు మీద పెట్టి వాడకండి, గాలి దారులు మూసుకుపోయి వేడెక్కుతుంది. అడుగు భాగం గానీ, కింద వేలితో రాసే పలక గానీ ఉబ్బినట్టు కనిపిస్తే అది బ్యాటరీ ఉబ్బడం. వెంటనే ఆపి మార్పించుకోండి, అది నిప్పుతో చెలగాటం. పాత డిస్కు తుక్కువాడికి ఎప్పుడూ ఇవ్వకండి. మనం తుడిచామనుకున్నది ఎంత తేలిగ్గా బయటికొస్తుందో మా ఇంట్లోనే చూశారుగా!

ఇంకోటి. "మీ కంప్యూటర్‌కి మద్దతు ఆగిపోయింది, మేం బాగుచేస్తాం, ఫలానా యాప్ వేసుకోండి" అని ఎవరైనా ఫోను చేస్తే పెట్టేయండి. మైక్రోసాఫ్ట్ వాళ్ళు అలా ఇళ్ళకి ఫోన్లు చెయ్యరు. పొరపాటున డబ్బు పోతే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోను చెయ్యండి.

దొరకని నాలుగింట్లో మాగాయ ఒకటి. మా వదినగారికి ఫోను చేసి అడిగితే ఆవిడ చెప్పిన కొలతా, నా చేతికి గుర్తున్న కొలతా కలవలేదు. మామిడికాయ రాగానే రెండు కొలతలతోనూ అరకిలో అరకిలో పెట్టి, ఏది అత్తయ్యగారిదో మావారి నాలుకకే వదిలేద్దామనుకుంటున్నాను.

దొరికిన ఏడూ ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి. లాప్‌టాప్‌లో ఒకటి, బీరువాలో పెన్‌డ్రైవ్‌లో ఒకటి, పూణెలో మావాడి దగ్గర ఒకటి. మీ ఇంట్లో అలాంటివేమున్నాయో నాకు తెలీదు గానీ, ఉండకపోవు. పొయ్యి మీద పాలుంటే దించేసి, ఈ పత్రిక పక్కన పెట్టి, ముందు లేచి వాటికి కాపీ తీసుకోండి. తెర మీద ఎదురుగా కనిపించేవి మొదట!