మాకూ ఒక జట్టు

ఆడపిల్లలకి వేరే సంఘం దేనికి? ఈ ప్రశ్న మొదట వేసింది మగపిల్లలు కాదు, నేనే. క్లాసులో అందరం కలిసే చదువుతున్నాం, ల్యాబులో ఒకే బల్ల దగ్గర నిలబడి టైట్రేషన్లు చేస్తున్నాం, మళ్లీ మధ్యలో ఈ గోడెందుకని నా వాదం. సైన్సు విద్యార్థినులకి ఒక సంఘం ఉండాలని మా సీనియరక్క కాయితం పట్టుకుని హాస్టలంతా తిరిగినప్పుడు, తలనొప్పని చెప్పి తప్పించుకున్నదాన్ని.

నిరుడు వేసవిలో ఓ కర్మాగారంలో మూడువారాల శిక్షణకి మా క్లాసు నుంచి పేర్లు వెళ్లాయి. తీరా జాబితా అంటించేసరికి అందులో ఆడపిల్ల పేరు ఒక్కటీ లేదు. "సాయంత్రం షిఫ్టమ్మా, తిరిగి రావడానికి ఆలస్యమవుతుంది, మీ క్షేమం కోసమే" అన్నారు. మార్కుల్లో నేను మూడోదాన్ని. ఎవరి గదిలో వాళ్లం గొణుక్కున్నాం. చెప్పొద్దూ, నోరు విప్పి అడిగినవాళ్లం ఒక్కరం లేం.

ఆ తర్వాతే అక్క చెప్పే సంగతులు చెవికెక్కాయి. అయ్యలసోమయాజుల లలితగారు 1919లో మద్రాసులో తెలుగింట పుట్టారు. 1937లో భర్త పోయేనాటికి ఆమెకి పద్దెనిమిదేళ్లు, చంకలో నాలుగు నెలల పాప. ఆ తర్వాత గిండీ కాలేజీలో చదివి మనదేశపు తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరయ్యారు. 1964లో న్యూయార్కులో మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మొదటి అంతర్జాతీయ సమావేశానికి వెళ్లారు. మరుసటేడు లండన్‌లోని మహిళా ఇంజనీర్ల సంఘంలో సభ్యత్వం తీసుకున్నారు. ఆ సంఘం పుట్టిందీ 1919లోనే. మొదటి ప్రపంచయుద్ధంలో యంత్రాల దగ్గర పనిచేసిన స్త్రీలని, యుద్ధం ముగిశాక ఇక ఇంటికి వెళ్లమన్నప్పుడు పెట్టుకున్న సంఘమది. అంత చదివిన లలితగారికే తోడు కావలసి వస్తే, టైట్రేషన్లో రంగు మారిందో లేదో పక్కదాన్ని అడిగే నాకు అక్కర్లేదా?

దూరమెందుకు, మన ప్రభుత్వరంగ సంస్థల్లోని స్త్రీలు 1990లో 'విప్స్' అనే వేదిక పెట్టుకున్నారు. మన ఉక్కు కర్మాగారంలోనూ దానికి శాఖ ఉంది.

సంక్రాంతికి ఊరెళ్లి, మా అమ్మకి ఇదంతా చెప్పాను. న్యూయార్కు సంగతి ఆవిడకేం పట్టలేదు.

"అదేటే, మనూళ్లో నాట్లకి జట్టు కట్టరేటి? ఒక్కతి పోయి కూలి పెంచమంటే, పోవే అని ఇంకోదాన్ని పిలుస్తారు. జట్టంతా గట్టెక్కి కూకుంటే మీ నాన్నే దిగొస్తాడు."

నాన్న అక్కడే చుట్ట కాల్చుకుంటూ ఉన్నాడు. ఏమీ అనలేదు. ఆ ఏడు నాన్న దిగొచ్చిన మాట నిజమే.

తిరిగొచ్చాక నేనే కాయితం పట్టుకుని తిరిగాను. మొదటి సమావేశం బోటనీ ల్యాబు వరండాలో. పదిహేడు మందిమి వచ్చాం, తలకి యాభై రూపాయలు చందా. అధ్యక్షురాలెవరన్న దానికి అరగంట తగువు పడింది (ఆ విషయంలో మగవాళ్ల సంఘాలకి మేమేం తీసిపోం). రాయడం నా పని. కుట్టు రిజిస్టరొకటి కొన్నాం.

మొదటి తీర్మానం శిక్షణ గురించే. అక్క చట్టం పుస్తకం తెచ్చింది. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలో 66వ సెక్షను స్త్రీలని రాత్రి 7 నుంచి ఉదయం 6 దాకా పనిలో పెట్టకూడదనేది. పగలు రావద్దని అందులో ఎక్కడా లేదు. కాబట్టి మమ్మల్ని పగటి షిఫ్టులో వెయ్యండి, బస్సు మేం చూసుకుంటామని రాశాం. పదిహేడు సంతకాల్లో మొదటిది నాది.

ఈ సంచిక ప్రెస్సుకి వెళ్లేనాటికి జవాబు రాలేదు. వేసవిలో నేను ఊరికి రాకపోవచ్చని నాన్నకింకా చెప్పలేదు. అమ్మకి తెలుసు.