ఎరకసాని గుడిలో రెండు గంటలు

సూర్యాపేట బస్టాండు బయటకొస్తే ఎటు అడుగు వెయ్యాలో తెలీదు. ఆటోలు, జామకాయల బళ్ళు, మలుపు తిరిగే బస్సులు, ఆగని హారన్లు. ఆ రద్దీలో మేం నలుగురు ఆడవాళ్ళం పిల్లలమర్రికి ఆటో మాట్లాడుతున్నాం. "మగోళ్లెవ్వరు రాలేదా మేడం?" అన్నాడు డ్రైవరు. చెడ్డగా ఏమీ అనలేదు. కానీ నలుగురం కలిసొచ్చినా మా వెంట ఎవరూ లేనట్టే లెక్క.

ముగ్గురం హైదరాబాదు నుంచి వచ్చాం. నాలుగో ఆమెను అక్కా అని పిలుస్తాం. పుట్టింది మిర్యాలగూడలో, రైసుమిల్లుల పక్క వీధిలో. అత్తగారిల్లు కోదాడ. పద్దెనిమిదేళ్ళుగా రోజూ బస్సెక్కి వచ్చి సూర్యాపేటలో పాఠాలు చెబుతోంది. బడి నుంచి పిల్లలమర్రి అయిదారు కిలోమీటర్లే. ఒక్కసారీ చూడలేదు.

"యాడ చూస్త చెల్లె? బడి ఇడిస్తె బస్సు, బస్సు దిగితె పొయ్యి."

టిఫిన్‌కి ఆగిన హోటల్లో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేదు. మేం విసుక్కుంటుంటే అక్క నవ్వింది. పొద్దున ఇంట్లోంచి బయల్దేరితే మళ్ళీ ఇల్లు చేరేదాకా ఆమె మంచినీళ్ళు ముట్టదట. పద్దెనిమిదేళ్ళ బస్సు ప్రయాణం నేర్పిన విద్య అది.

పిల్లలమర్రిలో ఆటో దిగగానే చెవులు తేలికపడ్డాయి. నామేశ్వరాలయాన్ని 1202లో రేచర్ల నామిరెడ్డి కట్టించాడు. ఎరకేశ్వరాలయం 1208 నాటిది. నున్నటి నల్లరాతి స్తంభాలను తడుముతూ నిలబడ్డాం. "ఇది బేతిరెడ్డి భార్య కట్టించింది" అని చెప్పి, గుడి చూపిస్తున్న పెద్దాయన ముందుకు కదిలాడు.

"ఆమె పేరేందండి?" అక్క కదల్లేదు.

ఎరకసాని. గుడి పేరులోనే ఉంది. ఎనిమిది వందల ఏళ్ళు నిలిచిన పేరు, చెప్పే నోటికొచ్చేసరికి "భార్య" అయిపోయింది.

ఆయన్ని తప్పుపట్టే అర్హత నాకూ లేదు. సాహిత్యంలో డాక్టరేటు చేసినదాన్ని, పిల్లలమర్రి అనగానే నాకు గుర్తొచ్చేది 'శృంగార శాకుంతలం' రాసిన పినవీరభద్రుడే. ఎరకసాని పేరు నేను ఏ తరగతిలోనూ ఎత్తలేదు. నిజమే, ఆమె కాకతీయుల సామంతుల ఇంటి కోడలు. సంపద ఉంది కనుక గుడి కట్టించగలిగింది, పేరు మిగిలింది. ఆ గుడికి రాళ్ళూ మట్టీ మోసిన ఆడవాళ్ళ పేర్లు ఏ శాసనంలో వెతకాలి?

అంతలో అక్క ఫోను మోగింది. "బడిలనే ఉన్న, మీటింగుంది" అంది. మా ముఖాలు చూసి, "గుడికే వచ్చిన గద, దొంగతనానికి కాదు" అని తనకు తనే చెప్పుకుంది. ఇంటి పక్కనే ఉన్న ఊరు చూడటానికి యాభై దగ్గరపడుతున్న టీచరు అబద్ధం ఆడాలి!

గుడి మెట్ల మీద ఫొటో తీశాను. పంపిస్తానంటే వద్దంది. "నా ఫోన్ల వద్దు చెల్లె, నీ దగ్గరుంచు."

నా దగ్గరే ఉంచాను. ఆ పెద్దాయన్ని పేరడిగి చెప్పించిన ఆమె పేరు, ఇక్కడ నేనూ రాయలేకపోతున్నాను.